ముందు నాలుగు, వెనక నాలుగు

నా కారు పుస్తకంలో స్పార్క్ ప్లగ్గులు చూపించవలసిన కిలోమీటర్లు నిండాయి. ఎప్పటిలాగే గగన్‌పహాడ్‌లోని మా మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "ఆయన లేడమ్మా" అంది. ఎప్పుడొస్తాడని అడిగాను.

"ఇగ రాడమ్మా. పోయిండు. గుండె ఆగింది. మొన్ననే దినాలైనయ్."

తారీఖు వేయడానికి తెరిచిన పెన్ను నా చేతిలోనే ఉంది. ఆ గడి ఖాళీగా వదిలి పుస్తకం మూసేశాను.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. హైవే పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా కార్లు బాగుచేసిన మనిషి. నాకు చుట్టం కాదు, మా వీధి కూడా కాదు. కాని ఆయన లేకపోతే ఈ ఆరేళ్ళూ మా అక్కకు నేను జడ వేయగలిగేదాన్ని కాదు.

మా అక్క బడంగ్‌పేట్‌లో ఉంటుంది. తుంటి విరిగినప్పటి నుంచి మంచం దిగలేదు. నేను శంషాబాద్ నుంచి మంగళవారం, శుక్రవారం కారు నడుపుకుంటూ వెళ్ళి తల దువ్వి, జడ వేసి, పేపరు చదివి వినిపించి వస్తాను. ఇంకెవరు దువ్వినా జుట్టు లాగుతున్నారంటుంది.

ఆరేళ్ళ క్రితం ఆ కారు వణకడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గుక్కపట్టిన పిల్లలా ఆగి ఆగి లాగేది. మూడు షాపులు తిప్పాను. మూడు చోట్లా ప్లగ్గులు మార్చామన్నారు. పాతవి చూపించమంటే పారేశామన్నారు. మా అబ్బాయి విసిగిపోయాడు.

"ఈ ఆదివారం అమ్మేద్దాం అమ్మా. నువ్వు పెద్దమ్మ దగ్గరికి పోవాలంటే నేను తీస్కపోత గద."

వాడి మాటలో ప్రేమే ఉంది. కాని వాడికి వీలైన రోజూ, అక్క తల దువ్వుకునే రోజూ ఎన్నడూ ఒకటి కాలేదు. బండి పోతే ఆ రెండు రోజులూ పోయినట్టే.

ఆ సాయంత్రం కారుతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి ప్లగ్గులు. నాలుగు ముందు, నాలుగు వెనక. మొత్తం ఎనిమిది. చదువుకున్నదాన్నై ఉండి, ఆ పుస్తకం మూడు షాపుల తర్వాత తెరిచాను. ఆ తప్పు నాదే.

మర్నాడు గురువారం. ఎవరో చెబితే గగన్‌పహాడ్ షెడ్డుకు వెళ్ళాను. మేస్త్రి బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కాసేపు విన్నాడు. ఇంజన్ ఆపి, చల్లారిందాకా ఆగి, ముందున్న నాలుగు ప్లగ్గులు మార్చాడు. చేతులు తుడుచుకున్నాడు.

"అయిపాయెనమ్మా."

"పాతవి చూపించు."

కాగితంలో పెట్టి ఇచ్చాడు. నాలుగున్నాయి.

"మిగతా నాలుగు?"

"మిగతావి యాడివి? నాలుగు సిలిండర్లకు నాలుగే గదమ్మా."

పక్క పంక్చర్ షాపాయన నవ్వాడు. "అన్నా, అమ్మ ఇడ్లీలనుకుంటుంది. ఇంకో ప్లేట్ వెయ్."

నాకు ఒళ్ళు మండింది. "ముప్పై ఏండ్లు పని చేసినవట, ఎనిమిది దాకా లెక్క రాదా?" అన్నాను, నలుగురూ వింటుండగా.

ఆయన నన్ను చూశాడు, ఇంజన్‌ను చూశాడు. "గీ ఇంజన్ నేను ఎన్నడు ఇప్పలేదమ్మా. నాకు తెల్వదు. నువ్వు దేంట్ల చూసినవో జర సూపియ్యి" అన్నాడు.

మూడు షాపుల్లో నాకు దొరకని మాట అది. ఆడిట్ ఆఫీసులో నా సర్వీసంతా లెక్కల్లో తప్పులు పట్టడంతోనే గడిచింది. పట్టుబడ్డ మనిషి మొహం ఎట్లా మారుతుందో నాకు బాగా తెలుసు. ఈయన మొహంలో సిగ్గు లేదు, కోపం లేదు. తెలుసుకోవాలన్న తొందర ఒక్కటే ఉంది.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెబుతుంటే ఆయన బొమ్మ మీద వేలు పెట్టి విన్నాడు. తర్వాత వైపర్ల కింది పళ్ళెం విప్పి, గడ్డం గీసుకునే అద్దం ఇంజన్ వెనక పెట్టి చూశాడు.

"ఉన్నయమ్మా. నాలుగున్నయ్. బండి పుట్టినకాన్నుంచి ఎవ్వడు ముట్టలేదు."

ఇంజన్‌కూ వెనక గోడకూ మధ్య పిడికిలి పట్టే చోటు లేదు. ఉంగరం తీసి జేబులో వేసుకొని, మణికట్టుకు నూనె రాసుకొని, చెయ్యి పక్కవాటుగా దూర్చాడు. లోపల కనిపించేది ఏమీ లేదు కనుక కళ్ళు రోడ్డు మీద పెట్టాడు. లారీలను చూస్తూ వేళ్ళతో పని చేశాడు. మూడు వచ్చాయి. నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఏమైంది?"

"మొండికేసింది."

"గట్టిగ తిప్పు. రేపు శుక్రవారం, నేను పోవాలె."

"గట్టిగ తిప్పితే లోపల ఇరుగుతదమ్మా. ఇరిగితే ఇంజన్ పైన మూత లెక్క ఉండే తల దించాలె. ఇగ అప్పుడు బండి నాకు సామాన్లు ఇప్పుకోనీకి పనికొస్తది గని నీకు రాదు. నూనె పోసిన. రేపటిదాంక తాగనీ."

శుక్రవారం రెండు బస్సులు మారి బడంగ్‌పేట్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్క ఎవరినీ దువ్వనివ్వలేదట. జుట్టు విరబోసుకొని తలుపు వైపే చూస్తూ పడుకుంది. "ఆలస్యమైంది" అంది, అంతే. తిరుగు దారిలో షెడ్డు దగ్గర దిగాను. మేస్త్రి ఇంకా ఆ ప్లగ్గు ముట్టలేదు.

"నువ్వొచ్చినంక తిప్పుదామని ఆగిన. ఇరిగితే నీ ముందే ఇరగాలె."

వెంట్రుకవాసి విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, అట్లా ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టడం మర్చిపోయాను. లెక్క మర్చిపోవడం నాకు అలవాటు లేదు. లోపల కిర్రుమని ఒక చప్పుడైంది. ప్లగ్గు విరగకుండా బయటికి వచ్చింది. మొన అరిగిపోయి, బొగ్గులా ఉంది.

కొత్తది బిగించడానికి జానెడు రబ్బరు పైపు ముక్క తీసుకొని, దాని కొనకు ప్లగ్గు తొడిగి, లోపలికి పంపి పైపును వేళ్ళతో తిప్పాడు. "పానాతోని మొదలుపెడితే మన బలం దానికి తెలుస్తది గని, దాని బాధ మనకు తెల్వది. మర తప్పుగ ఎక్కితే పైపు జారుతది. జారితే తీసి మళ్ళ పెట్టాలె" అన్నాడు.

అన్నీ బిగించాక ఇంజన్ నడిపించి, దాని మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టాడు. నీళ్ళు వణకలేదు. పంక్చర్ షాపాయన కూడా వచ్చి వంగి చూశాడు. మేస్త్రి అట్టముక్క మీద పాత ప్లగ్గులు రెండు వరుసల్లో పేర్చాడు. "లెక్క చూస్కో అమ్మా. ఎనిమిది."

ఆ తర్వాత పసుపుపచ్చ పెయింటు తెచ్చి బానెట్ లోపలివైపు రాశాడు: ముందు నాలుగు, ఎనక నాలుగు. సల్లారినంకనే.

"నాకు తెలుసు గద, ఎందుకిది?" అన్నాను.

"నీ బండి ఎప్పుడన్న యాడనో ఆగుతది. ఇప్పేటోనికి ఎట్ల తెల్వాలె? నాకే తెల్వకపాయె."

చివర పెయింటు కారబోతే బొటనవేలితో ఆపాడు. ఆ వేలిముద్ర కూడా అక్కడే ఆరిపోయింది.

ఆదివారం మా అబ్బాయి బండి నడిపి చూశాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం ఎప్పుడు వెళ్ళినా పాతవి లెక్కపెట్టేదాన్ని. ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

ఒకసారి నేనుండగా ఎయిర్‌పోర్టుకు పోతున్న క్యాబ్ ఒకటి దడదడలాడుతూ వచ్చి ఆగింది. "అన్నా, దండం పెడత, పది నిమిషాల్ల ప్లగ్గు మార్చు. సవారి ఉన్నది, ఫ్లైట్ పోతది" అన్నాడు డ్రైవర్.

"ఇంజన్ కాలుతుంది. ఇప్పుడు ఇప్పితే తల లోపలి మరలు ప్లగ్గు ఎంబడే ఊడొస్తయ్. సవారికి ఇంకో బండి చూస్త. నీ బండికి ఇంకో తల యాడ తేవాలె?"

రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యెత్తి ఇంకో క్యాబ్ ఆపాడు. చేతులు రెండుసార్లు తుడుచుకొని ఆ ప్రయాణికురాలి పెట్టెలు తానే మార్చాడు. డ్రైవర్ గొణుక్కుంటూ ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాడు.

మొదటి రోజు నేనన్న మాటకు ఆయన్ను క్షమాపణ అడగలేదు. పాతవి లెక్కపెడుతూ ఉండటమే సరిపోయింది.

ఈ శుక్రవారం శంషాబాద్‌లో కొత్త మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. నడివయసు మనిషి. "అరగంటల ఇచ్చేస్తనమ్మా, నాలుగు ప్లగ్గులే గద" అంటూ బానెట్ ఎత్తాడు. చెప్పవలసిన మాట నా నోటిదాకా వచ్చింది. అవసరం పడలేదు. ఆయన తల పైకెత్తి పసుపు అక్షరాలు మెల్లగా, పైకే చదివాడు.

"ఎవరు రాసిండ్రమ్మా?"

"మా మేస్త్రి."

మెకానిక్ అరచెయ్యి ఇంజన్ దగ్గర పెట్టి వెనక్కి తీసుకున్నాడు. పానా కింద పెట్టి, నాకు స్టూలు జరిపి, తాను పాత టైరు మీద కూర్చున్నాడు. నేను అక్కకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. బానెట్ నీడలో ఇంజన్ టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. దాని పైన, అక్షరాల చివర, పసుపుపచ్చ వేలిముద్ర.