మూత తీయని బకెట్లు

మా చర్చిలో పంట పండుగ పంట లేని ఏడాది కూడా ఆగదు. వాన మొహం చాటేసి వేరుశెనగ ఎండిపోయిన సంవత్సరాల్లో కొందరు హిందూపురం మార్కెట్లో గుమ్మడికాయ కొనుక్కొచ్చి, తమ చేలో కాసినదే అన్నంత గంభీరంగా మోసుకొచ్చి పీఠం ముందు పెడతారు. దేవుడికి తెలుసు, మాకు తెలుసు, మోసుకొచ్చినవాడికీ తెలుసు. ఎవరూ నవ్వరు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ బయట షామియానా కింద వేలం వేస్తారు. ఒకరు నిమ్మకాయ పాడుకుని మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారు, దాన్ని ఇంకొకరు పాడుకుంటారు. అలా చేతులు మారి మారి వాడిపోయిన నిమ్మకాయ చివరికి అయ్యగారి ఇంట్లో ఊరగాయ అవుతుంది. అయ్యగారంటే మా పాస్టరు.

మా ఊరు సోమందేపల్లికీ పెనుకొండకూ నడుమ, హైవే నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. చర్చి ఊళ్ళో లేదు, మా కాలనీలో ఉంది. నేను పెనుకొండలో బడిపంతులమ్మను. మేనమామనే చేసుకున్నాను కాబట్టి నా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధిలో ఉన్నాయి. చర్చి స్త్రీల సమాజానికి పెద్దను నేనే, చర్చి సెక్రటరీ మా అన్న. అమ్మ పోయాక నాకు అన్నే పెద్ద దిక్కు. పండుగ ఏదైనా అన్న మొదటి ముద్ద మా ఇంట్లోనే తినేవాడు. వదిన అలిగినా సరే, అది మారేది కాదు.

పండుగ రోజు మధ్యాహ్నం పెట్టే భోజనాన్ని మేము ప్రేమ విందు అంటాం. దానికి సరుకు కొనే అలవాటు మాకు లేదు. ఇంటింటా ఆడవాళ్ళు పొయ్యి మీదికి ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యమో, పిడికెడు రాగిపిండో తీసి విడిగా దాస్తారు. ఆదివారం ఆదివారం దాన్ని తెచ్చి చర్చిలో పోస్తారు. ఏడాది పొడుగునా అలా మిగిల్చినదే ఆ విందు. కూలికి పోయి వచ్చిన రోజు, ఇంట్లో తమకే చాలని రోజు కూడా ఆ పిడికెడు తీసిన ఆడవాళ్ళు నాకు తెలుసు. కాబట్టి ఆ వంటంటే మాకు గర్వం. ఎవరేమనుకున్నా గర్వమే.

వేలానికి ఊళ్ళోని పెద్ద రైతులు కూడా వస్తారు. మా నాయన కాలం నుంచీ వస్తున్నారు. వాళ్ళు వస్తేనే పాట పైకి లేస్తుంది, అబద్ధమెందుకు? షామియానా అంచున కుర్చీల్లో కూర్చుని, కోడిపుంజు దగ్గర ఒకరి మీద ఒకరు పంతానికి పోయి పాడతారు. మేము సీల్ తీయని సోడా సీసాలిస్తే తాగుతారు. విందు వేళకు మాత్రం అందరికీ ఒకేసారి పొలంలో పని గుర్తొస్తుంది. పాడుకున్న మా కోడిని, మా గుమ్మడికాయను ఇంటికి తీసుకుపోయి వండుకు తింటారు. మా చేతిలో పచ్చిగా ఉన్నంతసేపు దేనికీ దోషం లేదు. మా పొయ్యి మీద ఉడికిందంటేనే పనికిరాకుండా పోతుంది. పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, ఈ మార్పు ఎంత వేడి దగ్గర జరుగుతుందో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

రెండేళ్ళ కిందట చర్చి పైకప్పు రేకులు తుప్పుపట్టి ప్రసంగం మధ్యలో వాన లోపలికే రావడం మొదలైంది. ఆ పండుగకు పాట బాగా పలకాలని అన్న పట్టుదలగా ఉన్నాడు. ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టి, గుసగుసగా చెప్పాడు.

"పాపా, ఈసారి ఊళ్ళోవాళ్ళు మనతో భోంచేస్తారంట. నేనే పోయి ఇంటింటికీ చెప్పి వచ్చినా."

"ఏమన్నా, పొద్దు పడమట గాని పుట్టిందా?"

"నిజంగానే చెప్తాండా. కాలం మారింది. సరే గానీ, ఏమేమి వండుతాండారు మీరు?"

నేను ఉప్పొంగిపోయాను. సంగటి, పొట్టేలు కూర, చిత్రాన్నం, ఓళిగలు అని చెప్పుకుంటూ పోయాను. కూరలోకి ఏ మసాలా నూరతామో, ఓళిగల పూర్ణానికి బెల్లం ఎక్కడ తెస్తామో కూడా చెప్పాను. అన్న అన్నీ శ్రద్ధగా విన్నాడు. "ఊరిబిండి మరిచిపోతివే," అని తనే గుర్తు చేశాడు. సంగటి పక్కన శెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరిబిండి, లేకపోతే మా వైపు అది భోజనమే కాదు. అన్న అంత శ్రద్ధ చూపుతుంటే నాకు ముచ్చటేసింది.

ఆ మాట చెప్పగానే సమాజం ఆడవాళ్ళకు ఎక్కడలేని హుషారు వచ్చింది. బియ్యం ఒకసారి చెరిగి, రాళ్ళు ఏరి, మళ్ళీ చెరిగారు. గుండిగలు చింతపండు పెట్టి తోమితే మొహాలు కనపడ్డాయి. మాలో అందరికంటే పెద్ద అవ్వ ఒకామె, బతుకంతా ఊళ్ళో రైతుల చేలల్లో కలుపు తీసిన మనిషి, పండుగనాడు కొత్త చీర కట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. "పొయ్యి కాడికి కొత్తచీర ఏందవ్వా?" అంటే, "వాళ్ళు ఈ పొద్దు నా చేతి కూడు తింటారంటనే," అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

పాట ఎప్పుడూ లేనంత బాగా సాగింది. పాట అయ్యాక రైతులు నిజంగానే లేచి ఊరి దారి పట్టలేదు. వాళ్ళకు చర్చి పక్కనే ఉన్న అయ్యగారి ఇంటి వరండాలో బల్లలు, కుర్చీలు వేశారు. పెద్ద వయసువాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నేల మీద కూర్చోలేరని అన్న చెప్పాడు. న్యాయమే అనుకున్నాం. అన్న బకెట్లు తెచ్చి మా ముందు పెట్టాడు.

"నేనే తీసకపోతా. పెద్దోళ్ళకు సెక్రటరీనే వడ్డించాల."

మేము మంచి మంచి ముక్కలు ఏరి వేశాం. సంగటి ముద్దలు ఒక్కటీ విరగకుండా పేర్చాం. అవ్వ తన చేత్తోనే ఊరిబిండి గిన్నె నింపి మూత పెట్టింది. అన్న, ఇంకో ఇద్దరు మగవాళ్ళు కలిసి వాటిని ఇంటి వెనక దారిన తీసుకుపోయారు. కాసేపటికి పొయ్యిల దగ్గర నుంచి చూస్తే, వరండాలో రైతులు తలలు వంచుకుని తింటున్నారు. సంగటి పిసికి కూరలో అద్దుకోవడం కనిపిస్తూనే ఉంది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

విందు మధ్యలో సమాజం తరఫున నాలుగు మాటలు మాట్లాడటం ఏటా నా వంతు. అయ్యగారు మైకు ఇస్తూ, "క్లుప్తంగా చెప్పండమ్మా, ఎండగా ఉంది," అన్నారు. షామియానా కింద ఎండెక్కడిదని నేను ఆలోచించనే లేదు. అందరూ వినేట్టు గట్టిగా చెప్పాను. మా అమ్మ, అమ్మమ్మ ఈ రోజు చూడకుండానే పోయారని చెప్పాను. ఊరూ కాలనీ ఒక కుండలో కూడు తిన్న ఈ దినం కోసమే మా ఆడవాళ్ళు ఇన్నేళ్ళు పిడికెడు పిడికెడు దాచారేమో అన్నాను. మా వరుసల్లో నుంచి "ఆమేన్" అని పెద్దగా లేచింది. వరండాలో ఎవరూ తల ఎత్తలేదు. సిగ్గుపడుతున్నారు, ఇన్నేళ్ళు చేసినదానికి, అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

చేయి కడుక్కోవడానికి వచ్చిన ఒక రైతు భార్య నన్ను పక్కకు పిలిచింది. బడిలో నాకంటే ఒక క్లాసు పైన చదివేది, అప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఎదురుపడితే నిలబడి మాట్లాడే మనిషి.

"మే, నువ్వు తెలిసి మాట్లాడినావా, తెలీక మాట్లాడినావా?"

"ఏమిటికక్కా?"

"తెలిసే మమ్మల్ని ఎత్తిపొడిచినావేమో అనుకొంటాండారు మావాళ్ళు." నా మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "మీ అన్న మీకు చెప్పలేదా ఏంది? ఈ ఇంటి ఎనక్కు పోయి చూడు పో."

వెనక్కు వెళ్ళాను. అయ్యగారి పెరట్లో ఒక వ్యాన్ ఆగి ఉంది. హైవే మీది హోటలువాళ్ళ వంటమనిషి ఒకతను గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. అతని గిన్నెలు సగం ఖాళీ అయి ఉన్నాయి. సంగటి, పొట్టేలు కూర, చిత్రాన్నం, ఓళిగలు. చివర్న స్టీలు గిన్నెలో ఊరిబిండి. నేను అన్నకు చెప్పిన వరుసలోనే ఉన్నట్టనిపించింది. ఎవరు ఏ వంట తింటున్నారో దూరం నుంచి చూసేవాళ్ళకు తెలియకుండా, మా వంటకు అచ్చుగుద్దినట్టు చేయించాడు. మా బకెట్లు తులసిచెట్టు పక్కన, కోళ్ళు పొడవకుండా మూతల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ మూత తీయలేదు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఏమిటో ఆ రోజు తెలిసింది.

నా వెనకే అన్న వచ్చాడు. వేళ్ళకు కూర అంటుకునే ఉంది.

"నిదానంగా మాట్లాడు పాపా, వాళ్ళు వింటాండారు."

"నేనింకా ఏం మాట్లాడలేదన్నా."

"మన వంట తినరని నీకు తెలీదా? ఉన్న సంగతే కదా. హోటల్ నుంచి తెప్పిస్తాం అంటేనే వస్తామన్నారు. వచ్చినారు, పాడినారు. రేకులు మార్చాల్నా వద్దా? నీకేం పోయిందిప్పుడు?"

"అయ్యగారికి తెలుసా?"

"తెలుసు."

"మరి నాతో యాల చెప్పలేదు?"

"చెప్పింటే నువ్వు వండుతావా?"

అది నిజం. చెప్పి ఉంటే వండేదాన్ని కాదు. నేనే కాదు, ఆ అవ్వ కూడా వండేది కాదు. మేము వండకపోతే కాలనీకి విందు లేదు, విందు లేకపోతే పండుగ లేదు. మా చేత వండించుకోవడానికి కూడా మమ్మల్ని మోసం చేయాల్సి వచ్చింది. ఊళ్ళోవాళ్ళ మీద నాకు ఆ క్షణంలో కోపం రాలేదు. వాళ్ళు మమ్మల్ని నమ్మించలేదు. తినం అన్నది తినలేదు, అంతే. నన్ను నమ్మించింది నా తోడబుట్టినవాడు. మైకులో నేను అలా మాట్లాడుతుంటే, వాళ్ళ పక్కనే ఉండి అంతా విన్నాడు.

"నువ్వేం తిన్నావన్నా?" అని అడిగాను.

అన్న తన చేతి వైపు చూసుకున్నాడు.

"వాళ్ళ పక్కన కూచోబెట్టినారు పాపా. ఆడ కూచుని నేనొక్కన్నే వేరే బకెట్లోది పెట్టించుకుంటే ఏం బాగుంటాది?"

రాళ్ళు తీసేసి, బకెట్లు ఒక్కొక్కటిగా మోసుకుని మా వరుసల దగ్గరికి తెచ్చాను. మావాళ్ళు రెండోసారి వడ్డన అనుకుని సంతోషంగా పెట్టించుకున్నారు. అవ్వ మాత్రం బకెట్ల వైపు చూసింది, నా వైపు చూసింది. తన ఊరిబిండి గిన్నెను ఒళ్ళోకి లాక్కుని, మూత తీసి, దగ్గర కూర్చున్న పిల్లలకు వడ్డించడం మొదలుపెట్టింది. అడిగి ఉంటే బాగుండేది.

పొద్దు వాలుతుండగా అన్న మా ఇంటికి వచ్చాడు. వెనక తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఎప్పటిలాగే వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ తిరిగి అలిసిపోయినట్టున్నాడు. నాకంటే ఎంతో పెద్దవాడిలా కనపడ్డాడు.

"ఆ హోటలోని కూర నోట్లో పెట్టలేకపోతిమి. ఆకలైతాంది పాపా. సంగటేమన్నా మిగిలిందా?"

మిగిలింది. ఏం జరిగినా, అన్నకని తీసిపెట్టడం చేతికి అలవాటు. ముద్ద పళ్ళెంలో పెట్టి, కూర పోసి, ఊరిబిండి వేశాను. పళ్ళెం పట్టుకుని వంటింట్లో నుంచి బయటికి నడిచి, వీధి అరుగు మీద పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టాను. పాలకేంద్రానికి పోయే వేళ అది. ఊళ్ళో రైతులు క్యాన్లు కట్టుకుని మా వీధిలో నుంచే పోతారు.

"ఆడ కాదన్నా, ఈడ కూచుని తిను," అన్నాను.

అన్న లేచి గడప దాకా వచ్చాడు. వీధిలోకి చూశాడు. మలుపు దగ్గర ఒక బైకు చప్పుడైంది. పళ్ళెం వైపు చూసి, "చర్చి కాడ షామియానా విప్పుతాండారు, నేను లేకుంటే కుదరదు," అని వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.