అల్లుడుగారి రేకు

రేకుని వంకరగా కోసేవాడి మీద నాకు జాలి లేదు. ఆ పని ఒకప్పుడు నేనే చేశాను కాబట్టి అసలు లేదు.

తొంభైల మొదట్లో, పెళ్ళయిన ఏడాది వేసవిలో, పి.గన్నవరం దగ్గర అత్తవారి ఊరు వెళ్ళాను. మామగారు అప్పటికే లేరు. సేద్యమంతా అత్తయ్యగారే చూసుకునేవారు. ఆడమనిషి వల్ల వ్యవసాయం ఏమవుతుంది, పొలం మాకు కౌలుకిచ్చెయ్యమనండి అని వీధి అవతల ఉండే ఆవిడ బావగారు కనిపించిన వాళ్ళందరితో అనేవారు. అందుకని ఆవిడ గింజ విత్తనానికి కూడా ఆ గుమ్మం తొక్కకూడదని పట్టుదలగా ఉండేవారు. ఆకుమడికి కావలసిన వడ్లు ఏరి, ఎండబెట్టి, బస్తాలకెత్తి పెరటి గదిలో పెట్టారు. ఆ గది తలుపు కింది అంచుని పందికొక్కులు కొరికేశాయి. లోపల అడుగు పెడితే వాటి ఉచ్చ కంపు. భోజనానికి కూర్చున్నా ముక్కుని వదిలేది కాదు.

"తలుపు కింద జింకు రేకు కొట్టించాలండి. కమ్మరికి కబురెడతాను" అన్నారావిడ.

"కమ్మరెందుకండీ, నేను లేనా" అన్నాను. అమలాపురంలో మా అద్దె ఇంటి వరండాలో నాకొక బల్ల, సుత్తి, రేకు కత్తెర ఉండేవి. నాలుగు కొక్కేలు వంచినంత మాత్రాన పనివాణ్ణయిపోయాననుకునేవాణ్ణి.

మా వైపు ఏదైనా కొలవాలంటే చీపురులోంచి కొబ్బరి ఈనె లాగి, కావలసిన పొడుగుకి తుంచుతాం. పొడుగు విషయంలో ఈనె ఎవరినీ మోసం చెయ్యదు. నేను చేసిన వెధవ పని ఏమిటంటే, తలుపు వెడల్పు కొలిచిన ఆ ఈనెనే రేకు మీద పెట్టి గీత గీశాను. ఈనెకి పుట్టుకతోనే వంపు ఉంటుంది. వేళ్ళతో అదిమి పడితే మాత్రం తిన్నగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ గీత వెంట కత్తెర నడిపాను. కోసిన అంచు పైకి లేచి చేతికి గీరుకుంటే కత్తెర అటు జరిగింది, సర్దబోతే ఇటు జరిగింది.

తలుపుకి కొట్టి చూస్తే ఎడమ మూల గడపకీ రేకుకీ మధ్య రెండు వేళ్ళు దూరే సందు. అది నాకూ కనిపించింది.

"ఎలా ఉందండీ?"

"ఆయ్, దివ్యంగా ఉందండి" అన్నారు అత్తయ్యగారు. పొలం పనులు చూసే పాలికాపు కూడా "ఆయ్" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అల్లుడి పనికి వంక పెట్టే ఇల్లు మా కోనసీమలో లేదు. పాడు మర్యాద. ఆ మర్యాదని కాఫీతో పాటు తాగేసి బస్సెక్కాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా నా రేకు తలుపుకి అలాగే ఉండేది. దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి కూడా.

నాలుగో ఏడు కబురు చెప్పకుండా వెళ్ళాను. పెరట్లో అడుగు పెట్టేసరికి పాలికాపు కోళ్ళ గూటి మీద నుంచి ఒక రేకు లాగి, దాని మీది రెట్టని తువ్వాలుతో తుడుస్తూ, సుత్తి పట్టుకుని గది వైపు పరుగెడుతున్నాడు. అది నా రేకు. తలుపుకి అప్పటికే ఇంకో రేకు ఉంది, దారం పట్టినంత తిన్నగా.

"ఏమిటిది?" అన్నాను.

"ఒక్క నిముషం ఆగండి బాబూ, మీది పైన తగిలించేస్తానండి. మీరొచ్చినప్పుడల్లా తగిలిస్తామండి" అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు. గట్టిగా అడిగితే మిగతాది కూడా చెప్పాడు. "మొదటేడే ఎడం మూల నుంచి పందికొక్కులు దూరేయండి. బస్తాలన్నీ కొరికేసి, ఉచ్చతో తడిపేసేయండి. ఒక్క గింజ మొలిస్తే ఒట్టండి. అమ్మగారు బావగారి గుమ్మంలో నిలబడి విత్తనాలు అడిగేరండి. మీకు చెప్పొద్దన్నారండి."

రేకు అతని చేతిలోంచి లాక్కున్నాను. కోడి రెట్ట నా చేతికంటింది. ఆ రెట్ట కంటే నా మీద నాకే ఎక్కువ రోత పుట్టింది.

ఇంతలో అత్తయ్యగారు కాఫీ పట్టుకొచ్చారు. "కమ్మరిది ఏదో ఉందంటే ఉందండి. అందం మాత్రం మీదేనండి" అన్నారు. ఆవిణ్ణి ఆ గుమ్మంలో నిలబెట్టినవాణ్ణి నేను. నాకు మళ్ళీ ఈ మాటలు. ఆ కాఫీ ముట్టకుండా అరుగు మీద పెట్టేశాను.

రేకుని చంకలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. వరండాలో బల్ల ఎదురుగా గోడకి కొట్టాను, రోజూ కళ్ళబడి ఒళ్ళు మండాలని. తర్వాత తిన్నగా కొయ్యడం నేర్చుకున్నాను. ఎల్ ఆకారపు రెండు ఇనప యాంగిళ్ళ మధ్య రేకుని ఇరికించి, గీతని యాంగిల్ అంచుకి ఆనించి, రెండు చివరలా క్లాంపులు బిగించాలి. ఉలిని ఆ అంచు మీద వాల్చి చిన్న చిన్న దెబ్బలతో జరుపుకుంటూ పోవాలి. తొందరపడి గట్టిగా కొడితే రేకు ముడుచుకుంటుంది. ఎన్ని ముక్కలు పాడు చేశానో చెప్పుకోవడం సిగ్గు.

రెండువేల సంవత్సరం దాటాక కమ్మరి వేసిన రేకు తుప్పు పట్టి రాలిపోయింది. "విత్తనం గదికి ఈసారి మీరే చెయ్యాలండి" అని అత్తయ్యగారు కబురంపారు. చేసి, తీసుకెళ్ళి, బిగించాను.

"అత్తయ్యగారూ, ఈసారి నిజం చెప్పండి."

 ఆవిడ గడప దగ్గర గొంతుక్కూర్చుని, రేకు అంచు కింద ఆ చివర నుంచి ఈ చివరకి వేలు పోనిచ్చారు.

"ఎడం మూల గోరు మందం ఎత్తుందండి" అన్నారు.

పాలికాపు నేల చూపులు చూశాడు. ఇన్నేళ్ళుగా కోరుకున్న మాటే, వినగానే ఒళ్ళు మండింది. నోరు మూసుకుని మేకులు పీకి, రేకుని కాస్త దించి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాను. ఆవిడ ఈసారి కాఫీ కోసం లేవలేదు. పీట లాక్కుని నా పక్కనే కూర్చుని, ఒక్కొక్క మేకూ అందించారు.