బోర్డులక్క ఇంట్లో పోస్టరు

బజారులో సగం దుకాణాల పేర్లు ఆమె రాసినవే. అందుకే అందరూ ఆమెను బోర్డులక్క అంటారు. కొంగు నడుముకు బిగించి నిచ్చెనెక్కి గీత గీసిందంటే స్కేలు సిగ్గుపడాల్సిందే. అలాంటిది, ముందు కళ్ళు మసకబారాయి, తర్వాత చూపే పోయింది. కంటి నరం ఎండిపోయింది, చేసేదేం లేదన్నాడు డాక్టరు.

కుంచెలు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసింది. ముందుగదిలో అద్దం కట్టించుకున్న పోస్టరును మాత్రం తియ్యనివ్వలేదు. పెళ్ళికి ముందు పాత పుస్తకాల కొట్లో కొనుక్కుందది. ఏదో దేశంలో జరిగిన ప్రదర్శనకు వేసిన ప్రకటన. అందులో భాష ఆమెకు రాదు.

ఆమె భర్త వీధి మొదట్లో సెలూన్ నడుపుతాడు. ఒక సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అడిగింది.

"ఏవండీ, ఆ పోస్టరులో ఏముందో చెప్పండి."

"నీకు తెలియందేముంది? ఎర్ర పట్టీ, నల్ల గుండ్రం, వంకర అక్షరాలు."

"సరుకుల చీటీ చదివినట్టు కాదు. పట్టీ ఎటు పోతోంది?"

ఆయన మొదటిసారి దాని ముందు నిలబడ్డాడు. "కింద మూల నుంచి పైకి. ఏటవాలుగా."

"అందుకే పరిగెడుతున్నట్టుంటుంది. అడ్డంగా గీసుంటే పడుకున్నట్టుండేది. వందేళ్ళ కిందట ఇలాంటివి వేసిన నిర్మాణవాదులని కొందరు చిత్రకారులు ఉండేవారట. మనిషి బొమ్మా పువ్వు బొమ్మా పక్కన పెట్టేసి, గీతలతోనే మాట్లాడించాలనుకున్నారు. మరి అక్షరాలో?"

"లావుగా, తోకల్లేకుండా ఉన్నాయి. పట్టీతో పాటే మెట్లెక్కుతున్నాయి."

"అబ్బో, కళ్ళొచ్చాయండీ మీకు!" అని నవ్వింది.

ఆ తర్వాత సాయంత్రాలు వాళ్ళకదే పని అయింది. ఒకనాడు ఆయన అద్దానికి ముక్కు ఆనించి, "ఇదేంటి, పట్టీ కొస గుండ్రానికి తగల్లేదే! మధ్యలో వెంట్రుక మందం తెల్లటి సందుంది" అన్నాడు.

దుప్పటి మడత పెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. "తగిలిందనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. సరిగ్గా చూశారా?"

"పొద్దస్తమానం వెంట్రుకలతోనే కదా నా బతుకు. ఆ మాత్రం కనబడదా?"

తడుముకుంటూ వచ్చింది. ఆయన అద్దం విప్పి, ఆమె వేలు అక్కడ పెట్టాడు. కాగితం నున్నగా ఉంది. ఎరుపూ, నలుపూ, తెలుపూ అన్నీ ఒక్కలాగే తగిలాయి.

"ఒక్క క్షణం కనబడితే చాలండీ" అంది.

మర్నాడు ఆయన చెప్పుల అట్టపెట్టె కత్తిరించి, ఆ ఆకారాలన్నీ ఒక చెక్క మీద అంటించి తెచ్చాడు. వేలికి అందాలని సందు కాస్త పెద్దది చేశాడు. ఆమె వేలు పట్టీ వెంట మెల్లగా పైకెక్కి, కొస దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఎంత దగ్గరకొచ్చి ఆగిపోయిందండీ, పాపం."

"బాగా కుదిరిందా?"

"చేతికి బాగానే ఉంది. ఆ ఎరుపే... గుర్తు చెరిగిపోతోంది. నిన్న తలుచుకుంటే ఇటుక రంగులా వచ్చింది. ఎలాంటి ఎరుపండీ అది?"

ఆయన గోడవైపు చూశాడు. దానిమ్మ గింజ అనబోయాడు, కాదనిపించింది. నెత్తురు అనబోయాడు, అదీ కాదు.

"పొద్దున ఎండ పడ్డప్పుడు చూసి చెబుతాను" అన్నాడు.

"నన్నూ లేపండి. నేనూ దాని ముందు కూర్చుంటాను."