ఎస్తేరు మేడమ్ నోటి హారన్

మెట్రోలో నా ముందు నిలబడ్డ పాప జడ నుంచి గుప్పుమని కొబ్బరినూనె వాసన వస్తే నాకు నవ్వొచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా అమ్మమ్మ గుర్తొస్తుందేమో. నాకు మాత్రం నాచారంలోని థెరపీ సెంటరు, అక్కడ కళ్లకు తగిలించే వీఆర్ హెడ్‌సెట్, దాని పట్టీకి అంటిన నూనెను తుడుస్తూ విసుక్కునే ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారు.

ఏడో తరగతిలో ఉండగా నేను నాన్న బండి మీద నుంచి పడి నా తలకు దెబ్బ తగిలింది. గాయం మానింది గానీ ఏ పనీ వరసగా గుర్తుండేది కాదు. దుకాణానికి వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోయేదాన్ని. నేను మళ్లీ ఒంటరిగా గడప దాటగలనా అన్నదే అమ్మ దిగులంతా. చలువ చేస్తుందని థెరపీకి వెళ్లే ముందు నా తలకు నూనె దట్టంగా పట్టించేది. హెడ్‌సెట్ జారి ముక్కు మీదికొచ్చేది.

"అమ్మా, జర నూనె తక్కువ పెట్టు. రోడ్డు కనబడాల్సిన పోరికి ముక్కే కనబడుతున్నది!" అని మా థెరపిస్టు ఎస్తేరు మేడమ్ నవ్వేవారు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి మేడిపల్లిలో స్థిరపడ్డ మనిషి. ఆమె గదిలో నవ్వితే వరండాలో వినిపించేది.

హెడ్‌సెట్ పెట్టుకుంటే వీడియో ఆటలోలా ఒక వీధి కనిపించేది. రోడ్డు దాటాలి, చెప్పిన సరుకులు కొనాలి, ఇంటికి రావాలి. కొన్ని వారాలకు తప్పు లేకుండా చేసేశాను. ఆ సంబరంలో ఉప్పల్‌లో నిజం రోడ్డు మీదికి తీసుకెళ్తే, మొదటి హారన్‌కే బిగుసుకుపోయి మేడమ్ చున్నీ పట్టుకుని ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది. మేడమ్ మాత్రం హెడ్‌సెట్‌ను తిట్టారు.

"నీ తప్పేం లేదు బిడ్డా. గా ఆటల ఒక్క ఆటో లేదు, ఒక్క హారన్ లేదు. గది ఉప్పల్ ఎట్లయితది?"

మర్నాడు నేను హెడ్‌సెట్ పెట్టుకోగానే గదిలో గోల మొదలైంది. మేడమ్ నోటితో ఆర్టీసీ బస్సు హారన్ కొడుతున్నారు. అమ్మ చేత "ఉల్లిగడ్డా, ఆలుగడ్డా" అని అరిపిస్తున్నారు. బయట కూర్చున్న తల్లిదండ్రులను కూడా పిలిచి ఆటోలను చేసేశారు. ఒకాయన టిఫిన్ డబ్బా మీద దరువేశాడు. నేను నవ్వాపుకోలేక దారి తప్పాను. అయినా మేడమ్ ఊరుకోలేదు, రోజూ ఆ సంత నడిపించారు. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఆ చప్పుళ్లంటే భయం పోయింది.

ఒక సాయంత్రం పెరుగు, కొత్తిమీర తెమ్మని నన్ను ఒక్కదాన్నే పంపారు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర మేడమ్ చేయి గట్టిగా పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. సంచి తెరిచి చూడగానే అమ్మ ముఖం చిన్నబోయింది. పెరుగు ఉంది, కొత్తిమీరకు బదులు కరివేపాకు ఉంది.

"మల్ల మర్సిపోయింది మేడమ్."

"మర్సిపోలే అమ్మా. కొత్తిమీర మొత్తం వాడిపోయింది, గందుకే కరివేపాకు తెచ్చిన" అన్నాను.

మేడమ్ ఎగిరి గంతేశారు. "ఇన్నవా అమ్మా? నీ బిడ్డ ఆలోచన జేసింది! ఎవ్వరు చెప్పకుండనే జేసింది!" అంటూ నూనె కారుతున్న నా తలను గుండెకు హత్తుకున్నారు. తెల్ల కోటు పాడవుతుందన్న ధ్యాసే లేదు.

మేడమ్ ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నారు. ఉప్పల్ చౌరస్తాలో హారన్లు మోగితే పక్కవాళ్లు చెవులు మూసుకుంటారు. నేను ఆ హారన్ల మధ్య మేడమ్ గొంతు వెతుక్కుంటూ, నవ్వుకుంటూ, ఒక్కదాన్నే రోడ్డు దాటుతాను.