కేకెయ్యని మనిషి

అమెరికాలో, మా కెంటకీ కొండల్లో ఒంటరిగా ఉండే వెర్నా టకెట్ అనే ఆవిడ, జాకెట్టుకు కొలత చూసుకున్నట్టే తుపాకీకీ చూసుకుంది. తుపాకుల దుకాణం నడిపే లోయిడ్ పెద్దది చేతికిస్తే, "ఇది పేలిస్తే దొంగకంటే ముందు నేను పడతాను. చిన్నది తియ్యి," అంది. ఇంటికొచ్చి, పోయిన మొగుడి రంపంతో భుజానికి ఆనే కర్రను కాస్త కోసి తన చేతికి సరిపెట్టుకుంది. తూటాలు పెట్టుకోవడానికి ఆ కర్ర చుట్టూ తోలు పట్టీ కుట్టింది. రోజూ పొద్దు వాలగానే, లోపల తూటా లేదని వేలితో తడిమి చూసి, నడవ చివర నిలబెడుతుంది.

ఇక్కడ ఎవరింటికెళ్ళినా గేటు దగ్గరే కేకెయ్యాలి. కేకెయ్యకుండా మెట్లెక్కినవాణ్ణి ఎవరూ చుట్టమనుకోరు. నిన్న సాయంత్రం వెర్నా వరండా చెక్కలు కిర్రుమన్నాయి. కేక వినబడలేదు. ఆమె తూటా ఎక్కించి గొట్టం తలుపుకు గురిపెట్టింది. వేలు మాత్రం పేల్చే మీట మీద పెట్టలేదు.

"ఎవరది? పేరు చెప్పు."

తలుపు మీద దబదబా బాదారు.

"పేరు చెప్పు. మళ్ళీ అడగను."

వేలు మీట మీదికొచ్చింది. అప్పుడు కిటికీ అద్దానికి ఒక ముఖం ఆనింది. పక్క పొలం ఓర్విల్. మెడకు కట్టు, చేతిలో చిక్కుడుకాయల గిన్నె. గొంతులో రాచపుండుకు ఆపరేషన్ చేసి, స్వరపేటిక తీసేసి, డాక్టర్లు మొన్ననే ఇంటికి పంపారు.

వెర్నా తుపాకీ పక్కన పెట్టి, తలుపు తీసి గిన్నె అందుకుంది. గోడకున్న పాత ఆవు గంట తీసి అతని చేతిలో పెట్టింది. "ఇకనించి ఇది మోగించుకుంటూ రా, ముసలోడా."

ఓర్విల్ గేటు దాటేదాకా గంట మోగిస్తూనే వెళ్ళాడు. ఆ చప్పుడు ఆగిపోయాక వెర్నా తూటా బయటికి తీసి, లోపల ఏమీ లేదని వేలితో రెండుసార్లు తడిమి చూసింది.