గడియారం కింది అద్దె

ఎవరి పిల్ల ఎవరితో తిరుగుతోంది, ఎవతె మొగుణ్ణి వదిలేసింది, ఇవన్నీ తవ్వి తవ్వి అడుగుతారు. చివరింటి ఈనిడ్ గార్బట్ ఏమైందని ఇన్నేళ్ళలో ఒక్కరన్నా అడిగారా? ఆవిడ వాకిట్లో ఏటవాలు దారి మీద జారి జారి లాగులు చింపుకున్నవాళ్ళే మీరంతా. సిగ్గుండాలి. ఆ టీవీ కట్టేసి ఇటు కూర్చోండి.

పదిహేనో ఏట కత్తి పట్టింది ఈనిడ్, మన హల్ ఊరి రేవులో చేపల షెడ్డులో. మంచునీళ్ళలో చేతులు నానుతూనే ఉండేవి. ముల్లు తీయడంలో మగవాళ్ళు కూడా ఆవిడ వెనకే. నలభై మూడో ఏట నరాల జబ్బొచ్చి కాళ్ళు పడిపోయాయి. ఊరి కౌన్సిలు వాళ్ళు, తాము అద్దెకిచ్చిన ఇల్లే గనక, వచ్చి చక్రాల కుర్చీ పట్టేలా తలుపులు వెడల్పు చేశారు, గిన్నెలు కడిగే తొట్టి కిందికి దించారు, వాకిట్లో ఏటవాలు దారి కట్టారు. ఒకరిని బతిమాలకుండా టీ పెట్టుకునేది, వీధిలోకి వచ్చేది. ఆ ఇల్లుంటేనే ఆవిడ మనిషి.

తర్వాత తనతోపాటు ఉండే వాళ్ళమ్మ పోయింది. వెనక గది ఖాళీ అయింది. రెండువేల పదమూడు ఏప్రిల్లో ప్రభుత్వం కొత్త లెక్క తీసింది. ఒంటరి మనిషికి ఒక పడకగది చాలట, రెండోదుంటే సర్కారిచ్చే అద్దె సాయంలో కోతట. పోనీ చిన్న ఇంటికి మారదామంటే, కుర్చీ దూరే చిన్న ఇల్లు ఊరంతా వెతికినా లేదు.

పక్కింటి మేవిస్ ఉపాయం చెప్పింది. "గదిలో అద్దెమనిషిని పెట్టుకోవే. ఖాళీ అనరిక."

అలా వచ్చాడు నార్మన్ లీక్. చేపల లారీ తోలేవాడు, భార్య పోయి రెండేళ్ళు. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గురక పెడతావా?" అంది ఈనిడ్.

"నా పెళ్ళాం పోయాక చెప్పేవాళ్ళు లేరు తల్లీ."

"నేను చెప్తాలే. గోడ మీద కర్రతో."

సాయాలిచ్చే ఆఫీసుకు ఫోను చేసి మనిషిని పెట్టుకున్నానని తనే చెప్పింది, దాచలేదు. గది నిండిందని కోత ఆపేశారు. అతనిచ్చేదాంట్లో కొంత వదిలేసి మిగతాది ఆవిడ రాబడి లెక్కలో పట్టుకున్నా నష్టం లేకపోయింది.

శుక్రవారం శుక్రవారం నార్మన్ డబ్బు గూట్లోని గడియారం కింద పెట్టేవాడు. ఇద్దరూ దాని మాటెత్తేవాళ్ళు కాదు. మన వీధుల్లో అంతేగా. మన బల్ల దగ్గర కూర్చుని తినేవాడికి డబ్బు ముట్టిందని చీటీ రాసిస్తే వాణ్ణి దొంగ అన్నట్టే. అయిదింటికి చేప వేపి పెట్టేది, అతను బంగాళాదుంపలు చెక్కేవాడు. ఇద్దరూ గుర్రప్పందేల మీద కీచులాడుకునేవాళ్ళు.

ఏడాది తిరక్కుండా ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది, కాగితాలు సరిచూడ్డానికి. చెడ్డపిల్ల అని చెప్పను. చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చింది. నార్మన్ అక్కడే దుంపలు చెక్కుతున్నాడు.

"ఈయన మీకేమవుతారండీ?"

ఈనిడ్ అతని వంక చూసింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని అద్దెకున్నవాడని ఎట్లా అంటుంది?

"మావాడే. ఇంట్లో మనిషే."

"అద్దె తీసుకుంటున్నారా? రసీదులేమన్నా ఉన్నాయా?"

"రసీదా? తినే కంచం పక్కన రసీదు పెడతారా ఎవరన్నా? ఏదో ఇస్తాడు, నేనేదో వండుతా."

ఆ పిల్ల రాసుకుంది, చదివి వినిపించింది. ఈనిడ్ సంతకం పెట్టింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. జబ్బుమనిషి ఒంటరిగా ఉంటే వారం వారం వచ్చే అదనపు సొమ్ము ఒకటుంది. జబ్బుకిచ్చే డబ్బు ముట్టుకోలేదు, ఇది మాత్రం ఆపేశారు. అద్దెమనిషైతే ఒంటరి కిందే లెక్కట. ఇంట్లో మనిషైతే కాదట. పైగా నార్మన్ వచ్చిన రోజు నుంచి ఇచ్చిందంతా తిరిగి కట్టాలట.

మేవిస్ తల బాదుకుంది. "అద్దెకుంటాడు అనేస్తే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా?"

"అతని మొహమ్మీదా?"

"నన్ను అద్దెకుక్క అని ఉంటే మొరిగేవాణ్ణి గదా ఈనిడ్," అన్నాడు నార్మన్.

ఇద్దరూ కూర్చుని వంకరటింకరగా ఒప్పందం రాసి పంపారు. ఆ పిల్ల రాసుకున్నదాని మీద సంతకం పెట్టాక పుట్టిన కాగితం చెల్లదని జవాబొచ్చింది. పైవాళ్ళ ముందు మళ్ళీ వాదించుకోవచ్చని కింద చిన్నక్షరాల్లో ఉంది. ఈనిడ్ దాన్ని పొయ్యి అంటించడానికి వాడుకుంది. మావాడు కాదని నలుగురి ముందు ఒట్టేసి చెప్పడం నా వల్ల కాదు అంది.

తను వెళ్ళిపోతే ఆవిడ సొమ్ము ఆవిడకొస్తుందని నార్మన్ పెట్టె సర్దుకుని గూల్ ఊళ్ళో చెల్లెలింటికి వెళ్ళాడు. అదనపు సొమ్ము వచ్చింది, కానీ పాత బాకీకి అందులోంచే పట్టుకున్నారు. గది మళ్ళీ ఖాళీ, కోత మళ్ళీ మొదలు. అద్దె వెనకబడింది. చివరికి కౌన్సిలు వాళ్ళు నది అవతల ఒక్క గది కొంపిచ్చి పంపారు. గుమ్మానికి మూడు మెట్లు. ఏటవాలు దారికి దరఖాస్తు పెట్టుకోమన్నారు, పెట్టుకుంది. ఇక్కడ కొత్తగా దిగినవాళ్ళకు కాళ్ళున్నాయని ఉన్న దారిని కూలీలొచ్చి పగలగొట్టారు. ఆ చప్పుడు మీరూ విన్నారు, కిటికీలు మూసుకున్నారు.

నార్మన్ ఆదివారాలు బస్సెక్కి వచ్చి ఆవిణ్ణి మెట్లు దింపేవాడు. అతను నడుం పట్టేసి రాలేనప్పుడు ఆవిడ లోపలే. గడియారం మాత్రం వెంట తెచ్చుకుంది. అతనొచ్చినప్పుడల్లా దాని కింద ఏదో పెట్టబోయేవాడు, ఆవిడ చెయ్యి మీద కొట్టేది.

రెండో చలికాలం ఛాతీకి జలుబు పట్టింది. మేవిస్ వెళ్ళి తలుపు తట్టేసరికి లోపల పలుకు లేదు. మెట్ల కింద పాలవాడు పెట్టిన సీసా అలాగే ఉంది.

ఈనిడ్ గార్బట్ పోయేనాటికి ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు.