సరేనక్క చెప్పలేకపోయిన మాట

ఆమె అసలు పేరు ఆ హోటల్లో ఎవరికీ గుర్తులేదు. దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో ఎవరేం పని చెప్పినా "సరేనయ్యా" అనేది కాబట్టి సరేనక్క అయి కూర్చుంది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా? ఎవరైనా పనికి రాకపోతే సరేనక్క, పెళ్లివారు దిగితే సరేనక్క, మిషను మొరాయిస్తే సరేనక్క. కంచంలో చెయ్యి పెట్టాక ఫోను మోగినా, చెయ్యి కడుక్కుని పరిగెత్తేది.

కూతురు ఆ గదిలోనే పెరిగింది. ఇస్త్రీ అయిన దుప్పట్ల దొంతర మీద, ఆ వేడే అమ్మ ఒడి అనుకుని నిద్రపోయేది. "అమ్మా, నది దగ్గరికెళ్లి పడవెక్కుదామే" అని అడిగితే, "వచ్చే సెలవుకి, తల్లీ" అనేది సరేనక్క. ఆ సెలవు ఏ దారి తప్పిందో, రానేలేదు.

పెద్దయ్యాక ఆ పిల్లా అదే గదిలో పనికి చేరింది. పెద్ద దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఆ తల్లీకూతుళ్ల మడత కత్తితో కోసినట్టుండేది. కానీ పని ముగిసే గంట మోగిందంటే చాలు, చేతిలో ఉన్న మడత ముగించి కూతురు వెళ్లిపోయేది. గుమ్మం దాటగానే ఫోను స్విచాఫ్.

"ఏంటే ఆ పొగరు? సూపర్‌వైజరు ఏమనుకుంటాడు?"

"అనుకోనీ. వాళ్లు జీతమిచ్చేది పనికి, ప్రాణానికి కాదు."

"మా రోజుల్లో ఇలా నోరెత్తితే గడప దాటించేవాళ్లు."

"నువ్వెత్తలేదుగా! అందుకే ఆ గడప దాటి ఇంటికొచ్చిందే లేదు."

సరేనక్క తల తిప్పుకుని దుప్పట్లు సర్దసాగింది.

చివరికి కూతురే పూనుకుంది. తల్లికి సెలవున్న రోజు చూసి, ముందే అడిగి తనూ సెలవు పెట్టుకుంది. నది గాలికి అమ్మ చెవులు నొప్పెడతాయని శాలువా కొంది. ఆ ఉదయం పడవలో తినడానికి డబ్బా సర్దుతుంటే సరేనక్క ఫోను మోగింది. సూపర్‌వైజరు.

"అక్కా, పెళ్లివారు దిగారు. నీ కూతురు ఫోనెత్తదు. ఇద్దరూ వచ్చెయ్యండి."

"సరేనయ్యా, వస్తాం."

కూతురి చెయ్యి డబ్బా మూత మీదే ఆగిపోయింది. "వస్తామా? నా సెలవు నువ్వెలా ఇచ్చేస్తావమ్మా?"

"ఈ ఒక్క పూటేనే. సాయంత్రం పోదాం."

"నా చిన్నప్పట్నుంచీ ఆ సాయంత్రం వస్తూనే ఉంది." కూతురు డబ్బా పక్కన పెట్టేసింది. "ఫోన్ చేసి రామని చెప్పమ్మా. ఒక్కసారి. నాకోసం."

సరేనక్క ఫోన్ చేసింది. కూతురు ఆమె పెదవుల వంకే చూస్తోంది.

"ఆఁ అక్కా, బయల్దేరారా?"

సరేనక్క నోరు తెరిచింది. "దారిలోనే ఉన్నామయ్యా."

కూతురు శాలువాను అమ్మ చేతిలో పెట్టి లోపలికెళ్లిపోయింది. అరిచినా బాగుండేది. సరేనక్క ఒక్కతే పనికి వెళ్లింది.

తర్వాత కూతురు వేరే హోటల్లో పని చూసుకుని, అక్కడే గది తీసుకుంది. ఆదివారం ఫోన్ చేస్తుంది. తిన్నావా, పడుకున్నావా అని పరాయిదానిలా మర్యాదగా అడిగి పెట్టేస్తుంది. మిగతా రోజుల్లో ఫోను స్విచాఫ్. పై అధికారి రాకుండా వేసుకున్న కంచెకి అమ్మ కూడా అవతలే మిగిలిపోయింది. ఇస్త్రీ గదిలో సరేనక్క ఇప్పుడు దుప్పటి కొసను గడ్డం కింద నొక్కిపట్టి ఒంటరిగా మడతేస్తుంది. అంచులు కలవవు.

మొన్న అన్నం తింటుంటే ఫోను మోగింది. కూతురేమోనని ఎంగిలిచేత్తోనే ఎత్తింది. సూపర్‌వైజరు.

"అక్కా, ఒకసారి రావాలి."

"నేను రానయ్యా."

"ఎవరూ? సరేనక్కేనా?"

"అన్నం తింటున్నాను. రాను." పెట్టేసింది. ఈ మాట వినాల్సింది ఒక్కతే. గబగబా కూతురికి కలిపింది.

స్విచాఫ్.

మళ్లీ కలిపింది. అన్నం కంచంలో ఎండిపోతోంది. ఒక్కసారైనా కప్పుకోని శాలువా తెచ్చి భుజాల చుట్టూ చుట్టుకుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆదివారం కోసం అలాగే కూర్చుంది.